లూట్ దగ్గర అన్యాయం జరిగి గిల్డ్ వదిలేశాను, ఇక కథ కోసం ఒంటరిగా ఆడుకుంటే సరిపోదా?

మీ ప్రశ్న చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ ఆటలో మూడు నెలలు ప్రీస్ట్‌గా, అంటే మిగతావాళ్ళ గాయాలు మాన్పే హీలర్‌గా, మీ గిల్డ్ అనే జట్టుతో వారం తప్పకుండా రెయిడ్‌కి, అంటే గుంపుగా పెద్ద శత్రువుల్ని కొట్టడానికి, వెళ్ళారు. మీరు ఎదురుచూస్తున్న వస్తువు పడిన రాత్రి ఆఫీసర్లు దాన్ని తమ స్నేహితుడి చేతిలో పెట్టారు. మీరు బయటికి వచ్చేశారు. లూట్‌ని, అంటే శత్రువు ఓడాక దొరికే వస్తువుల్ని, న్యాయంగా పంచే పద్ధతి అసలుందా, కథ ఇష్టపడే మనిషికి గిల్డ్‌తో పనేంటి అని అడుగుతున్నారు. నేనూ ప్రీస్ట్‌నే, నాకూ ఇదే జరిగింది. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

మాది విశాఖపట్నం, మద్దిలపాలెం. క్లాసిక్ సర్వర్లు తెరిచింది మన టైములో 2019 ఆగస్టు 27 తెల్లవారుజామున మూడున్నరకి. అలారం పెట్టుకుని లేచి లాగిన్ క్యూ కదలడం కోసం చూస్తూ కూర్చుంటే తెల్లారిపోయింది. మనకంటూ ఇక్కడ సర్వర్ లేదు కాబట్టి యూరప్‌ది ఎంచుకున్నాను. వాళ్ళ రాత్రి ఎనిమిది అంటే వేసవిలో మనకి పదకొండున్నర. అక్టోబరు చివరి ఆదివారం వాళ్ళు గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుకుంటారు, అక్కణ్ణుంచి మార్చి చివరి దాకా మనకి పన్నెండున్నర అవుతుంది. చెప్పడానికి ఒక్క గంటే. మా గిల్డ్‌లో గాజువాక నుంచి ఒక అన్న ట్యాంక్‌గా, అంటే అందరి ముందూ నిలబడి దెబ్బలు కాచుకునేవాడిగా, ఆడేవాడు. చలికాలంలో రెయిడ్ అయ్యేసరికి మూడున్నర, ఆరింటికల్లా ఆయన స్టీల్ ప్లాంటులో పొద్దుటి షిఫ్ట్‌కి ఉండాలి. హెడ్‌సెట్ తీసి పెట్టి, ముఖం కడుక్కుని, టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరేవాడు. లూట్ గురించి ఎవరు వాదించినా నాకు ముందు ఆయన గుర్తొస్తాడు.

మోల్టెన్ కోర్ అనే రెయిడ్‌కి నలభై మంది కావాలి, అక్కడ పది మంది బాసులు, అంటే పెద్ద శత్రువులు. చివరి రాగ్నరోస్‌కి ముందు వచ్చే మేజర్‌డోమో చావడు. తన మనుషులందరూ పడిపోయాక లొంగిపోయి ఒక పెట్టె వదిలి వెళ్తాడు. ఆ పెట్టెలో ఒక్కోసారి హంటర్లకి పనికొచ్చే ఆకు ఉంటుంది, ఒక్కోసారి ప్రీస్ట్‌లకి ఐ ఆఫ్ డివినిటీ అనే కన్ను. ఆ కన్నుతో మొదలయ్యే పని పూర్తి చేస్తే బెనెడిక్షన్ అనే కర్ర చేతికొస్తుంది. క్లాసిక్‌లో ప్రీస్ట్‌గా తిరిగిన ఎవరిని అడిగినా దాని పేరే ముందు చెప్తారు. వారానికి ఒక్కసారే వెళ్ళగలం. మా రెయిడ్‌లో ప్రీస్ట్‌లం అయిదుగురం.

నా మొదటి గిల్డ్‌లో లూట్ కౌన్సిల్ పద్ధతి ఉండేది. ముగ్గురు నలుగురు ఆఫీసర్లు మాట్లాడుకుని ఏది ఎవరికివ్వాలో తేలుస్తారు. 2019 నవంబరు నుంచి నేను ఒక్క వారం మానలేదు. సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలతో నిండిపోయినా, హాల్లో పడుకున్నవాళ్ళ మధ్యలోంచి అడుగులేసుకుంటూ వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ వారమే కన్ను పడింది. ఆఫీసర్లు వేరే ఛానెల్‌లోకి వెళ్ళారు. రెండు నిమిషాల తర్వాత తిరిగొచ్చి, చేరి మూడు వారాలైన ప్రీస్ట్‌కి ఇచ్చేశారు. ఎందుకని అడిగితే "కౌన్సిల్ నిర్ణయం" అన్నారు. అతను వాళ్ళతో పాత సర్వర్‌లో ఆడినవాడని తర్వాత తెలిసింది. కన్ను పోయినా ఓర్చుకునేవాణ్ణి. కారణం చెప్పడానికి కూడా నన్ను మనిషి కింద లెక్కవేయలేదే అన్న బాధ మాత్రం చాలా రోజులు పోలేదు. మీరు రాసిన ప్రశ్నలో కూడా అదే కనపడింది నాకు.

ఆ వారాంతం మా తెలుగువాళ్ళం అయిదుగురం బీచ్ రోడ్డు మీద కలిశాం. ముంత మసాలా తింటూ నేను ఇదంతా వెళ్ళగక్కాను. మాలో ఒక తమ్ముడి వాళ్ళకి ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఉంది. "ఏటన్నా ఇది, మా బోటులో ఇలాగ చేస్తే కళాసీ ఒక్కడు మళ్ళీ ఎక్కడు" అన్నాడు. వాళ్ళ లెక్క చెప్పాడు. వేట నుంచి వచ్చి సరుకు అమ్మాక, వచ్చిన డబ్బులోంచి ముందు డీజిలు, ఐసు, తిండి ఖర్చు తీసేస్తారు. మిగిలింది బోటు యజమానికి ఇంత, కళాసీలకి ఇంత. డ్రైవరుకి మిగతావాళ్ళకంటే ఎక్కువ. ఎందుకు ఎక్కువో అందరికీ తెలుసు, కాబట్టి ఎవరూ గొణగరు. "వేటకి ఎల్లకముందే వాటా చెప్పేస్తారన్నా. చేప పడ్డాక చెప్తే ఎవుడొప్పుకుంటాడు?"

మీ మొదటి ప్రశ్నకి నా జవాబు ఆ తమ్ముడి మాటే. పద్ధతి ఏదైనా ఒప్పుకోవచ్చు, పెట్టె తెరవకముందు అది నలభై మందికీ తెలిసి ఉండాలి. కౌన్సిల్ అంటేనే మోసం అని నేను అనను. తర్వాత ఒక గిల్డ్‌లో నేనే కౌన్సిల్‌లో కూర్చున్నాను. ట్యాంక్‌కి ముందు కవచం దొరికితే ఆ వారం నలభై మందీ తక్కువసార్లు చస్తారు, అది కళ్ళతో చూశాను. బోటు డ్రైవరు వాటా లాంటిదే అది. మేం చేసిందల్లా ఒక్కటే, ఎవరికి ఎందుకు ఇచ్చామో ఒక వాక్యం రాసి అందరికీ కనపడేలా పెట్టేవాళ్ళం. ఆ ఒక్క వాక్యం రాయడానికి సిగ్గుపడే పరిస్థితి వస్తే, ఆ నిర్ణయం తప్పని మాకే తెలిసిపోయేది.

ఫిబ్రవరిలో మేం ముగ్గురం ఇంకో గిల్డ్‌కి మారాం. అక్కడ డీకేపీ, అంటే పాయింట్ల లెక్క. టైముకి వస్తే ఇన్ని, బాసు పడితే ఇన్ని, చివరిదాకా ఉంటే ఇన్ని. వస్తువు తీసుకుంటే అందులోంచి కోత. ఈ పద్ధతి వార్‌క్రాఫ్ట్ కంటే పాతది. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో వాక్స్, నాగఫెన్ అని రెండు డ్రాగన్లు ఉండేవి. వాటిని చంపడానికి పెద్ద గుంపు కావాలి, పడే వస్తువులు మాత్రం కొన్నే. ఆ పంపకం కోసం పుట్టిందే డ్రాగన్ కిల్ పాయింట్స్. ఇప్పుడు చంపేది డ్రాగన్ కాకపోయినా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. దీనికీ ఒక రోగం ఉంది. పాతవాళ్ళు పాయింట్లు పోగేసుకుని కూర్చుంటారు, కొత్తగా చేరినవాడికి ఏడాదైనా వంతు రాదు. మా గిల్డ్‌లో వారం వారం అందరి పాయింట్లలో పదో వంతు తగ్గించేసేవారు. దాచుకుంటే కరిగిపోతాయి కాబట్టి ఎవరూ దాచేవారు కాదు. నేను చూసినవాటిలో ఇదే నాకు బాగా నచ్చింది.

జీడీకేపీ రెయిడ్లకి కూడా ఎవరో ఒకరు మిమ్మల్ని పిలుస్తారు. అది అచ్చం మన చీటీ పాట. వస్తువు పడగానే ఆటలోని బంగారంతో పాట పాడతారు, ఎక్కువ పాడినవాడికి వస్తువు, ఆ బంగారమంతా చివర్లో అందరికీ సమానంగా పంచుతారు. ఏమీ దక్కనివాడు కూడా ఉత్త చేతులతో వెళ్ళడు. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. కానీ పాడేవాడి బంగారం ఎక్కణ్ణుంచి వచ్చింది? అసలు డబ్బు పెట్టి బయట కొనుక్కున్నవాడే గెలుస్తాడు. ఆట తయారుచేసే బ్లిజార్డ్ 2024లో, సీజన్ ఆఫ్ డిస్కవరీ అనే రకం క్లాసిక్ సర్వర్లలో రెండో దశ నుంచి దీన్ని నిషేధించింది. మంచి పని చేసింది.

ఇక కథ. మీరు ఒంటరిగా ఆడుకుంటానంటే నేను ఒప్పుకోలేకపోయేది ఇక్కడే.

ఇంటర్ చదివే రోజుల్లో ద్వారకానగర్‌లో ఒక నెట్ సెంటర్‌కి వెళ్ళి వార్‌క్రాఫ్ట్ 3 ఆడేవాణ్ణి. ఇదే లోకం మీద 2002లో వచ్చిన పాత ఆట అది. అందులో స్ట్రాథోమ్ ఊరి ఘట్టం మీకు తెలిసే ఉంటుంది. ఊరి ధాన్యంలో తెగులు కలిసిపోయింది, తిన్నవాళ్ళు శవసైనికులుగా మారిపోతారు. మారకముందే ఊరినే చంపేద్దామంటాడు యువరాజు ఆర్థస్. గురువు ఊథర్ కుదరదంటాడు, తోడొచ్చిన జైనా చూడలేక వెళ్ళిపోతుంది. ఆర్థస్ ఒక్కడే మిగులుతాడు, ఆర్థస్‌ని ఆడేది మనమే. లెక్క వందకి చేరే దాకా ఇంటింటికీ తిరిగి నేనే చంపాను. బయటికొచ్చి బస్సు ఎక్కాక కూడా చేతులు వణికాయి. పదహారేళ్ళ వయసులో ఒక కథ నన్ను తప్పు చేసినవాణ్ణి చేయడం అదే మొదటిసారి.

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ మధ్యలో, కన్ను మళ్ళీ పడింది. గిల్డ్ లీడర్ పాయింట్ల పట్టీ పైకి చదివాడు, నా పేరు మొదట ఉంది, ఇచ్చేశాడు. పది సెకన్ల పని. కానీ ఆ కర్రకి ఐ ఆఫ్ షాడో అనే రెండో కన్ను కూడా కావాలి. వింటర్‌స్ప్రింగ్ మంచులో బలమైన రాక్షసుల దగ్గర అది ఎప్పుడో గానీ పడదు. హీలర్ ఒక్కడూ వాటితో ఏం పోరాడతాడు? గాజువాక అన్న నాలుగు రాత్రులు నా ముందు నిలబడి ఆ దెబ్బలన్నీ తిన్నాడు. అక్కడ ఆయనకి పనికొచ్చేది ఏదీ లేదు. "నీ కర్ర వొస్తే నాకే గదా మంచిది గురూ" అనేవాడు.

మొదటి కన్ను పెట్టుకున్నవాళ్ళకి తప్ప కనపడని ఎరిస్ అనే ఆత్మ ఈస్టర్న్ ప్లేగ్‌ల్యాండ్స్ అనే ప్రాంతంలో ఉంటుంది. ఆమె దగ్గర పని మొదలుపెడితే రైతులు గుంపులు గుంపులుగా పరిగెత్తుకొస్తారు. అస్థిపంజరాల విలుకాళ్ళు వాళ్ళని కొడుతుంటారు, కొందరికి అప్పటికే తెగులు సోకి ఉంటుంది. ఎవరినీ చంపక్కర్లేదు. యాభై మందిని బతికించాలి, పదిహేను మంది చనిపోతే మళ్ళీ మొదటికి. ఈ పని మాత్రం ఒంటరిగానే చేయాలి. మొదటిసారి ముప్పై మంది దాటాక కరెంటు పోయింది. రెండోసారి తెగులు తీయడం మర్చిపోయి ఓడిపోయాను. మూడోసారి మొదలుపెట్టే ముందు క్వెస్ట్ మాటలు నెమ్మదిగా చదివాను. ఆ రైతులు పారిపోయి వస్తున్నది స్ట్రాథోమ్ నుంచి.

యాభయ్యో మనిషి వెలుగులోకి నడిచి వెళ్ళిపోయాడు. రాత్రి ఒంటిగంట దాటింది. నెట్ సెంటర్‌లో కూర్చున్న ఆ పిల్లాడు గుర్తొచ్చి ఏడ్చేశాను. గిల్డ్ చాట్‌లో "అయిపోయింది" అని మాత్రం టైప్ చేశాను. సి షిఫ్ట్ అయ్యి ఇంటికొచ్చాక, పొద్దున ఏడింటికి గాజువాక అన్న ఫోన్ చేసి, ముందు కర్ర గురించి అడగలేదు. "ఎంతమంది పోయారు?" అన్నాడు. పదకొండు మంది అన్నాను. "పర్లేదు గురూ, చాలామందినే తెచ్చావు" అన్నాడు.

ఒంటరిగా చేసిన పనే, కానీ దాని ముందు నలభై మంది మోల్టెన్ కోర్‌లో నిలబడ్డారు, నాలుగు రాత్రులు ఇంకొకడు దెబ్బలు తిన్నాడు. ఆ కథని ఆ ఆటలో అలాగే కట్టారు. అదే ఆటలోని టిరియన్ ఫోర్డ్రింగ్ కథ కూడా అంతే. ఒక ఆర్క్‌ని, అంటే శత్రుజాతివాణ్ణి, కాపాడినందుకు వెలివేయబడిన ముసలాయన, నది పక్కన గుడిసెలో ఉంటాడు. ముందు పురుగుల్నీ కుక్కల్నీ చంపమంటాడు, విసుగొస్తుంది, ఆ తర్వాతే తన కొడుకు టేలన్ గురించి నోరు విప్పుతాడు. తండ్రి జ్ఞాపకం కొడుక్కి తిరిగి తెప్పించడానికి ఒక బొమ్మ సుత్తి, ఒక జెండా, ఒక కుటుంబ చిత్రం వెతకాలి. ఆ చిత్రం ఉన్నది తగలబడుతున్న స్ట్రాథోమ్‌లోనే, అక్కడికి అయిదుగురు లేకుండా అడుగు పెట్టలేం. ఆ దారి చివర ఏమవుతుందో చెప్పను, మీరు ఇంకా చూడకపోయి ఉండొచ్చు.

కాబట్టి మళ్ళీ గిల్డ్ వెతకండి. నలభై మందితో మొదలుపెట్టకండి, ముందు అయిదుగురిని చూసుకోండి. చేరే ముందు ఆఫీసర్‌ని రెండే అడగండి: వస్తువు ఎవరికి ఎలా ఇస్తారు, పోయిన నెల ఇచ్చినవాటి జాబితా చూపిస్తారా. జాబితా చూపించలేకపోతే చేరొద్దు. వరుసగా నాలుగైదు వారాలు రాలేని ఉద్యోగమైతే అది కూడా వాళ్ళకి మొదటి రోజే చెప్పండి, మన వైపు నుంచి అది న్యాయం.

మేం ఇప్పటికీ క్లాసిక్ ఎరా సర్వర్‌లో శనివారం రాత్రులు ఆడుతున్నాం. నేను ఈమధ్య మంత్రాలు వేసే మేజ్‌గా ఆడుతున్నాను, కాబట్టి అయిదుగురిలో హీలర్ చోటు ఖాళీ. టిరియన్ గుడిసె దాకా ఇంకా వెళ్ళకపోతే, పురుగుల పని పూర్తి చేసుకుని ఈ జవాబు కిందే ఒక మాట రాయండి. చిత్రం తేవడానికి కలిసి వెళ్దాం. స్ట్రాథోమ్‌లో మనకి పనికొచ్చేది ఏదైనా పడితే, అందరూ నూటికి పాచిక వేస్తాం, ఎక్కువ పడినవాళ్ళకి. ఇప్పుడే చెప్పేస్తున్నాను.