పొడి ప్యాకెట్లు అమ్ముతున్న అబ్బాయిని ఆపాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. వాళ్లమ్మ చేత కరివేపాకు పొడి చేయించి, 100 గ్రాముల ప్యాకెట్లు కట్టి మా అపార్ట్‌మెంట్‌లో 60 రూపాయలకు అమ్ముతున్నాడు. రెండు నెలల్లో 84 పోయాయి. ఖర్చు 32, లాభం 28 అంటున్నాడు. ఇక ఇంజినీరింగ్ వద్దట, వ్యాపారమే చేస్తాడట. నాకు టెన్షన్‌గా ఉంది. మాన్పించాలా?
- ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: మాన్పించకండి. అలాగని ఎంపీసీ వదిలేస్తానంటే ఒప్పుకోకండి. ముందు మీవాడి పక్కన కూర్చుని లాభం లెక్క మళ్లీ వేయించండి. మీరు వేసి చూపించొద్దు, వాడి చేతే వేయించండి.

32 రూపాయల్లో కరివేపాకు, మినప్పప్పు, ఎండుమిర్చి, నూనె ఉంటాయి. మరి కవరు, స్టిక్కరు? 4 అనుకుందాం. గ్యాసు, కరెంటు 3. అంటే ప్యాకెట్‌కు మిగిలేది 21. 84 ప్యాకెట్లకు 1,764. రుచి చూడమని ఊరికే ఇచ్చినవి ఒక 11 ఉంటే వాటి ఖర్చు 429 పోగా 1,335. ఇక వాళ్లమ్మగారు ఆరు ఆదివారాలు నాలుగేసి గంటలు పొయ్యి దగ్గర నిలబడ్డారనుకోండి. గంటకు 50 చొప్పున వేసినా 1,200. చివరికి మిగిలింది 135. అంకెలు మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి. అమ్మ కష్టానికి కూడా ఒక ధర ఉందని పదహారేళ్లకే కాగితం మీద చూసిన పిల్లవాడికి ఆ పాఠం ఏ క్లాసులోనూ దొరకదు.

తర్వాత కొన్నవాళ్ల పేర్లు రాయించండి. రెండోసారి అడిగి కొన్నవాళ్లు ఎంతమంది? మొహమాటానికి ఒక ప్యాకెట్ తీసుకున్నవాళ్లను పక్కన పెట్టండి. పిల్లల ప్రాజెక్టుల్లో ఎక్కువగా మోసం చేసేది ఈ మొహమాటమే, బంధువులదైతే మరీనూ. మళ్లీ రానివాళ్ల దగ్గరకు వెళ్లి ఎందుకు కొనలేదో అడగమనండి. ఉప్పెక్కువైందనో, పదిరోజులకే నూనె వాసన వచ్చిందనో చెబుతారు. అది విని రావడం కష్టమే, కానీ వాడినే పంపండి, మీరు వెళ్లకండి.

ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2021లో బిజినెస్ బ్లాస్టర్స్ పేరుతో 11, 12 తరగతుల పిల్లలకు తలా 2,000 రూపాయల పెట్టుబడి ఇచ్చి జట్లుగా వ్యాపారం చేయించారు. మీరూ అంతే ఇవ్వండి. అది అయిపోతే మళ్లీ ఇవ్వనని ముందే చెప్పండి. నష్టం వస్తే పూడ్చకండి.

తినే వస్తువు అమ్మాలంటే, దుకాణాల్లోనే కాదు, అపార్ట్‌మెంట్‌లోనైనా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి. ప్యాకెట్ మీద తయారీ తేదీ, బరువు, ధర ఉండాలి. 18 ఏళ్లు నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు కాబట్టి కాగితాలన్నీ మీ పేరునో, మీ శ్రీమతి పేరునో ఉండాలి.

చదువు సంగతి. మీవాడి ఇష్టానికి ఎంపీసీ అడ్డం కాదు. పొడి ఎందుకు పాడవుతుందో, ఎలా నిల్వ ఉంటుందో చదవాలనిపిస్తే ఫుడ్ టెక్నాలజీలో బీటెక్ ఉంది. బాపట్లలో ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కాలేజీలో ఆ కోర్సు చెబుతారు. అమ్మకాలే ఇష్టమైతే ఇండోర్ ఐఐఎం 2011 నుంచి ఇంటర్ తర్వాత ఐదేళ్ల మేనేజ్‌మెంట్ కోర్సు (ఐపీఎం) నడుపుతోంది, దాని ప్రవేశపరీక్షలో లెక్కలు, ఇంగ్లీషు ఉంటాయి. ఏ దారిలో వెళ్లాలో ఇప్పుడే తేల్చక్కర్లేదు, రెండో సంవత్సరంలో దరఖాస్తుల నాటికి తేలితే చాలు. అప్పటిదాకా పొడి పని ఆదివారం మధ్యాహ్నం వరకే, పరీక్షల ముందు నెల బంద్. ఈ రెండూ వాడి చేతే కాగితం మీద రాయించి, లెక్కల పుస్తకం మొదటి పేజీలో అంటించమనండి.