సబ్‌మెరైన్ చప్పుడు బయటికి ఎందుకు వినపడదు?

అడిగిన ప్రశ్న: "లోపల అంత పెద్ద ఇంజిన్లు నడుస్తుంటే సబ్‌మెరైన్ శత్రువుకు ఎందుకు దొరకదు? సైలెన్సర్ లాంటిది ఏమైనా ఉంటుందా? సోనార్ (నీళ్లలో శబ్దంతో జాడ కనిపెట్టే పరికరం) వాడితే ఆ చప్పుడుకే దొరికిపోదా?"

సైలెన్సర్ ఒకటి తగిలించేస్తే తీరిపోయే పని కాదండీ. నేను నేవీలో సబ్‌మెరైన్ ఇంజిన్ విభాగంలో చేసి రిటైరయ్యాను, ఇప్పుడు కర్నూలులో మోటార్ల రిపేరు షాపు నడుపుతున్నాను. అందరికీ తెలిసిన సంగతులే చెప్తాను, లోగుట్టు అడగొద్దు.

డీజిల్ ఇంజిన్‌కు గాలి కావాలి కాబట్టి పూర్తిగా మునిగాక అది నడవదు. అప్పుడు బ్యాటరీల మీద ఎలక్ట్రిక్ మోటార్ తిరుగుతుంది, చప్పుడు చాలా తక్కువ. అణు సబ్‌మెరైన్‌కు గాలి బాధ లేదు గానీ టర్బైన్లు, పంపులు ఆగకుండా తిరుగుతుంటాయి. అందుకే బ్యాటరీ మీద మెల్లగా పోయే డీజిల్ సబ్‌మెరైన్‌ను కనిపెట్టడం పెద్ద తలనొప్పి.

అసలు చిక్కు వైబ్రేషన్. మెషీన్ అదురు ఉక్కు బాడీకి చేరితే అక్కడి నుంచి నీళ్లలోకి పోతుంది. సముద్రపు నీళ్లలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైనే. దూరం కూడా బాగా పోతుంది. అందుకని మెషీన్లను నేరుగా బాడీకి బిగించకుండా రబ్బరు మౌంట్ల మీద కూర్చోబెడతారు, పైపుల మధ్య మెత్తటి గొట్టాలు వేస్తారు. ఇంత చేశాక ఎవరో మరిచిపోయిన స్పానర్ ఒకటి పంపు బేస్‌కూ బాడీకీ మధ్య ఇరుక్కుందనుకోండి, అదురు దాని గుండా నేరుగా బయటికి పోతుంది. మౌంట్ రబ్బరు మీద పెయింట్ పూయడం కూడా తప్పే, రబ్బరు గట్టిపడుతుంది. శుభ్రంగా ఉండాలని పూసేవాళ్లు ఎక్కడైనా ఉంటారు! బయటి వైపు రబ్బరు పలకలు అతికిస్తారు, ఇది రెండో ప్రపంచ యుద్ధంలోనే జర్మన్లు చేసిన పని.

ఇక ప్రొపెల్లర్, అంటే తిరుగుతూ సబ్‌మెరైన్‌ను ముందుకు నెట్టే రెక్కలు. మా కేసీ కాలువ మీద నీళ్ల మోటార్ పెట్టుకున్న రైతులకు దాని గొడవ చెప్పక్కర్లేదు. నీళ్లు పీల్చే గొట్టం అడుగున ఉండే ఫుట్‌వాల్వ్‌కు నాచు పట్టి నీళ్లు సరిగ్గా అందకపోతే పంపులో గులకరాళ్లు పోసి తిప్పినట్టు గరగరమంటుంది. విప్పి చూస్తే లోపల తిరిగే ఇంపెల్లర్ రెక్కలకు సన్నటి గుంటలు పడి ఉంటాయి. ఒత్తిడి బాగా తగ్గిన చోట నీళ్లు ఆవిరి బుడగలై, ముందుకు పోయి పగలడం వల్ల వచ్చే గొడవ అది. దాన్ని కేవిటేషన్ అంటారు. సబ్‌మెరైన్ ప్రొపెల్లర్ వేగంగా తిరిగినా అంతే, ఆ బుడగల మోత చాలా దూరం వినపడుతుంది. అందుకే దాని రెక్కలు పెద్దవిగా, కొడవలిలా వంపు తిరిగి ఉంటాయి, మెల్లగా తిరుగుతాయి. లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడి పెరిగి బుడగలు పుట్టడం తగ్గుతుంది కాబట్టి, అక్కడ ఇంకొంచెం వేగం పెంచుకోవచ్చు.

మనుషుల సంగతి రెండు ముక్కల్లో: దొరకకూడదనుకున్నప్పుడు అక్కర్లేని మెషీన్లు ఆపేస్తారు, పని లేనివాళ్లు బంకు (పడక) దిగరు, గిన్నె కింద పడినా చీవాట్లే.

డీజిల్ సబ్‌మెరైన్‌కు అసలు గండం బ్యాటరీ ఛార్జింగ్. పైకి వచ్చి గాలి గొట్టం నీళ్ల పైకి తీసి ఇంజిన్లు వేయాలి. ఆ చప్పుడు దాచలేం, గొట్టం రాడార్‌కూ దొరకొచ్చు. ఈ బాధ తగ్గించడానికే బయటి గాలి అక్కర్లేని ఇంజిన్లు వచ్చాయి. స్వీడన్ గాట్‌లాండ్ సబ్‌మెరైన్‌లో అలాంటివే ఉన్నాయి. 2005లో అమెరికాతో విన్యాసాల్లో అది రోనాల్డ్ రీగన్ విమాన వాహక నౌకను ఉత్తుత్తిగా ముంచేసింది.

సోనార్ మాటకొస్తే, సినిమాల్లోలా 'టింగ్ టింగ్' అని శబ్దం పంపడం చాలా అరుదు. పంపితే మీరన్నట్టు మన జాడ మనమే చెప్పినట్టు. మామూలుగా వినడమే. వేగంగా పోతే మన హోరే మన సోనార్‌ను ముంచేస్తుంది కాబట్టి కాసేపు ఉరికి, వేగం తగ్గించి చెవి ఒగ్గి విని, మళ్లీ కదులుతారు.