కమిటీకి లేని అధికారం ఓట్లతో రాదు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘం కమిటీలో ఏడుగురం ఉన్నాం. కార్పస్ ఫండ్ నుంచి 3 లక్షలు తీసి పక్క వీధిలో కడుతున్న గుడికి ఇవ్వాలని ఒకరు ప్రతిపాదించారు. 50 వేలు దాటిన ఖర్చుకు జనరల్ బాడీ ఆమోదం ఉండాలని మా బైలా. అయినా ఓటింగ్ పెట్టారు, 5–2తో నెగ్గింది. ‘తర్వాత జనరల్ బాడీలో ఆమోదింపజేద్దాం’ అంటున్నారు ప్రెసిడెంటు గారు. ఇది చెల్లుతుందా?
– ఒక సభ్యుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చెల్లదు. ఏడుగురూ చేతులెత్తినా చెల్లేది కాదు. కమిటీకి ఉన్న అధికారాన్ని ఎలా వాడాలో తేల్చడానికే ఓటింగ్. లేని అధికారం దానితో పుట్టదు.

ముందు మీ మెమొరాండం (సంఘం ఎందుకు ఏర్పడిందో చెప్పే పత్రం) తీసి సంఘం ఆశయాల పేజీ చదవండి. జనరల్ బాడీ తర్వాత ఆమోదించవచ్చా లేదా అన్నది అక్కడే తేలుతుంది. ఖర్చు సంఘం ఆశయాల్లోదే అయి, కమిటీ పరిమితిని మాత్రమే దాటితే (లిఫ్ట్ మార్చడం లాంటిది), జనరల్ బాడీ తర్వాత ఆమోదించవచ్చు. ముందుగా అనుమతించే అధికారం దానికి ఉంది కాబట్టి. ఆశయాల్లోనే లేని పనికైతే ఆ దారి కూడా మూసుకుపోతుంది. లక్ష్మణస్వామి మొదలియార్, ఎల్ఐసీ మధ్య కేసులో 1962లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఒక బీమా కంపెనీ వాటాదారుల తీర్మానంతోనే డైరెక్టర్లు ఒక ట్రస్టుకు 2 లక్షలు ఇచ్చారు. అది కంపెనీ ఆశయాల్లో లేదు కనుక చెల్లదని, ఆ సొమ్ముకు డైరెక్టర్లే బాధ్యులని కోర్టు తేల్చింది. అది కంపెనీ కేసే అయినా, మీ కమిటీ సభ్యులందరూ తెలుసుకోవలసిన తీర్పు.

ప్రతిపాదన రాగానే, చర్చ మొదలుకాకముందే, ప్రెసిడెంటు బైలా నంబరు చదివి ‘ఇది కమిటీ పరిధిలో లేదు, చర్చకు తీసుకోవడం లేదు’ అని ప్రకటించాల్సింది. ఎలాగూ ఓడిపోతుందిలే అని ఓటింగ్‌కు పెట్టడమూ తప్పే. నెగ్గితే చెల్లేదన్న అర్థం మినిట్స్‌లో (సమావేశం రాతల్లో) మిగిలిపోతుంది. ఆయన ఊరుకుంటే ఎవరైనా సభ్యుడు ‘పాయింట్ ఆఫ్ ఆర్డర్’ (నియమం తప్పుతోందన్న అభ్యంతరం) అనవచ్చు. దీన్ని ఎవరూ బలపరచనక్కర్లేదు, ప్రెసిడెంటు వెంటనే తేల్చాలి. మామూలు పొరపాట్లపై ఆ క్షణంలోనే లేవకపోతే హక్కు పోతుంది. బైలాకు విరుద్ధమైన తీర్మానంపై మాత్రం తర్వాత సమావేశంలోనూ లేవనెత్తవచ్చు. కాబట్టి మీకు ఆలస్యం కాలేదు.

చెక్కు వెళ్లకముందే కార్యదర్శికీ కోశాధికారికీ రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, నకలుపై సంతకం తీసుకోండి. వ్యతిరేకించిన ఇద్దరి పేర్లూ మినిట్స్‌లో ఉండాలి. ‘5–2’ అని అంకెలే రాస్తే రేపు బాధ్యత తేల్చేటప్పుడు ఎవరు కాదన్నారో తెలియదు. జనరల్ బాడీకి వెళ్లేటట్లయితే మొత్తం, ప్రయోజనం నోటీసులోని అజెండాలోనే రాయాలి. ‘అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు’ కింద డబ్బు సంగతి తేవడం చాలా సంఘాల్లో అలవాటుగా మారింది. రాని సభ్యులకు అది అన్యాయం. సంఘం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే, ఏ సభ్యుడైనా 23వ సెక్షన్ ప్రకారం మధ్యవర్తిత్వానికైనా, జిల్లా కోర్టుకైనా వెళ్లవచ్చు.

గుడికి సాయం చేయాలనుకునేవారు విడిగా చందా వేసుకోవచ్చు. దానికి తీర్మానమే అక్కర్లేదు.

ప్రశ్న: రాత్రిళ్లు మా వీధి మొదట్లో గేటు వేయాలని కాలనీ కమిటీ తీర్మానించింది. వేయవచ్చా?
– పటమట, విజయవాడ

జవాబు: రోడ్డు కార్పొరేషన్‌ది అయితే వేయకూడదు. అయితే అడగడం మీ పరిధిలోనిదే. ‘గేటు వేయాలని తీర్మానించడమైనది’ అన్న వాక్యాన్ని రద్దు చేసి, ‘రాత్రి భద్రత కోసం తగిన ఏర్పాటు చేయాలని మున్సిపల్ కమిషనర్‌ను కోరుతూ తీర్మానించడమైనది’ అని కొత్తది పెట్టండి. ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు అన్నది రాసి, ఆ పేజీ నకలును అర్జీకి జతచేయండి.