వడ్డీ వద్దనుకుంటే పన్నెండు లక్షలు ఎక్కడ ఉంచాలి?

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. మిర్చి వ్యాపారం చేసిన మా నాన్నగారు నా పేరున వేసిన 12 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. వడ్డీ హరాం (మతం నిషేధించినది) అని మా మసీదు ఇమాం సాహెబు చెప్పారు. బ్యాంకు వడ్డీ తప్పు కాదన్న ఫత్వా (మతపండితుల అభిప్రాయం) ఒకటి హైదరాబాద్‌లో ఉండే మా మామయ్య ఫోనుకు పంపారు. ఆరేళ్లలో మా అమ్మాయి పై చదువుకు ఈ డబ్బే ఆధారం. ఏం చేయమంటారు?

జవాబు: మీరు విన్న రెండు మాటలకూ ఆధారాలున్నాయి. బ్యాంకు వడ్డీ రిబాయేనని, అంటే ఇస్లాం నిషేధించిన వడ్డీయేనని ముస్లిం దేశాల కూటమికి చెందిన ఫిఖ్ (ఇస్లామిక్ ధర్మశాస్త్ర) అకాడమీ 1985లో తీర్మానించగా, లాభం ముందే ఖరారు చేసుకుని బ్యాంకులో పెట్టుబడి పెట్టడం సమ్మతమేనని కైరోలోని ఇస్లామిక్ విద్యాసంస్థ అల్ అజ్‌హర్‌కు చెందిన పరిశోధనా మండలి 2002లో అభిప్రాయపడింది. మన దేశంలోని ఉలమాలలో (ఇస్లామిక్ మతపండితుల్లో) ఎక్కువమంది మొదటి పక్షం. వీటిలో ఏది ధర్మమో తేల్చే అర్హత నాకు లేదు. ఫత్వాకు చట్టబలం లేదని, దానిని ఎవరిపైనా బలవంతంగా రుద్దరాదని సుప్రీంకోర్టు 2014లో స్పష్టం చేసినందున నిర్ణయం పూర్తిగా మీదే. ఫోనులో వచ్చిన ఫత్వా ఎవరో వేరొకరు అడిగిన ప్రశ్నకు సమాధానం కాబట్టి, డిపాజిట్ రసీదు చేతబట్టుకుని వెళ్లి, మీ పరిస్థితి మొత్తం రాసిచ్చి, మీరు నమ్మే ముఫ్తీని (ఫత్వా ఇచ్చే పండితుణ్ని) అడగండి.

వడ్డీ వద్దనే నిర్ణయించుకుంటే, గడువుకు ముందే డిపాజిట్ రద్దు చేసినందుకు పడే జరిమానా మీకు పెద్ద విషయం కాదు, ఎందుకంటే అది సాధారణంగా వడ్డీలోంచే పోతుంది. అయితే మూడు నెలలకోసారి వడ్డీ తీసుకుంటూ వచ్చి ఉంటే అసలులో కొంత కోత పడవచ్చు. ఇప్పటికే జమ అయిన వడ్డీని పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేయమని చాలామంది ముఫ్తీలు చెబుతారు. కానీ అలా ఇచ్చేసినా అది మీ ఆదాయమే, పన్ను లెక్కలో చూపాల్సిందే.

అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. భద్రత, పెరుగుదల, వడ్డీ లేకపోవడం, ఈ మూడూ ఒక్కచోట దొరికే పథకం మన దేశంలో నాకు కనిపించలేదు. కరెంట్ ఖాతాలో వడ్డీ రాదు, కానీ ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఆరేళ్లకు మీ 12 లక్షల విలువ ఇప్పటి 8.46 లక్షలకు పడిపోతుంది. బ్యాంకులు, మద్యం, పొగాకు, అప్పుల భారం ఎక్కువగా ఉన్న కంపెనీలను పక్కనపెట్టే షరియా (ఇస్లామిక్ ధర్మశాస్త్రం) ప్రకారం నడిచే ఈక్విటీ ఫండ్లు, అంటే షేర్లలో పెట్టుబడి పెట్టే ఫండ్లు ఉన్నాయి. 1996లో మొదలైన టాటా ఎథికల్ ఫండ్ వాటిలో ఒకటి. వీటిలో ఆరు లక్షలకు మించి పెట్టవద్దు. అదీ ఏడాదిపాటు నెలనెలా వాయిదాల్లో పెట్టి, నాలుగో ఏడు నుంచి కొంచెం కొంచెంగా బయటికి తీసుకోండి, ఎందుకంటే కాలేజీ ఫీజు కట్టే నెలలోనే మార్కెట్ పడిపోవచ్చు. మూడు లక్షలు బంగారంలో, మిగిలినది కరెంట్ ఖాతాలో ఉంచండి.

హలాల్ (మతసమ్మతమైన) లాభం నెలనెలా ఇస్తామని ఎవరైనా ఇంటికి వస్తే షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన నమోదు పత్రం చూపమనండి. 2019లో బెంగళూరులో ఐఎంఏ (ఐ మానిటరీ అడ్వైజరీ) సంస్థ కుప్పకూలినప్పుడు డబ్బు పోగొట్టుకున్న వేలమంది అలాంటి మాటనే నమ్మారు.

ఈ సొమ్ముపై జకాత్ (ముస్లింలు ఏటా ఇవ్వాల్సిన తప్పనిసరి దానం) వర్తిస్తే 2.5 శాతం చొప్పున మొదటి ఏడాదే 30,000 రూపాయలవుతుంది. చదువుకని దాచిన డబ్బుకు, ఫండ్ యూనిట్లకు దానిని ఎలా లెక్కకట్టాలో కూడా ముఫ్తీకి ఇచ్చే ప్రశ్నలోనే రాయండి.