డాక్యుమెంటరీ తీయాలనుంటే దీపా ధన్‌రాజ్ పని చూడండి

విజయనగరంలో డిగ్రీ చదువుతున్నానని, డాక్యుమెంటరీలు తీయాలనుందని, మనవైపు భాషలో ఈ దారిలో ముందు నడిచిన ఆడవాళ్లున్నారా అని అడిగారు కదా. ఉన్నారు, దీపా ధన్‌రాజ్. 1980లో కొందరు స్నేహితులతో కలిసి యుగాంతర్ అనే బృందం పెట్టి, 1983కల్లా నాలుగు సినిమాలు తీశారు. పుణెలో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల మీద ఒకటి, కర్ణాటకలోని నిప్పాణి ఊళ్లో పొగాకు కూలీల మీద ఒకటి, చెట్లు నరకకుండా అడ్డుకున్న చిప్కో ఉద్యమం మీద ఒకటి. ఇంకొకటి తెలుగులోనే, ‘ఇది కథ మాత్రమేనా’. ఇంట్లో భార్య పడే హింస గురించి, హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్లతో కలిసి తీసినది.

నాకు ఆవిడ దగ్గర అన్నిటికన్నా నచ్చేది పని చేసే పద్ధతి. ముందు కూలీలతో కూర్చుని మాట్లాడటం, వాళ్లు చెప్పిన దాన్నిబట్టే సీన్లు అల్లుకోవడం, కొన్ని వాళ్ల చేతే మళ్లీ చేయించడం, తీసిన సినిమాని అలాంటి ఆడవాళ్ల మధ్యే వేసి చర్చ పెట్టడం. పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల మీద ఫోన్‌తో చిన్న వీడియో తీసినప్పుడు నేనూ ఇదే పాటించాను. పని దగ్గర ఎవరూ నోరు విప్పరు, సాయంత్రం వాళ్ల అరుగుల మీద కూర్చుంటే జీడి సొన తగిలి చేతులు ఎలా పొక్కుతాయో, కేజీల లెక్కన కూలి ఎలా కడతారో వాళ్లే చెప్పుకొచ్చారు. తర్వాత ఆ వీధిలోనే గోడ మీద వేసి చూపిస్తే ఒకావిడ లేచి, “సేతులు సూపించినావు బాగానే ఉంది, మరి తూకం కాడ జరిగేది సూపించవేటమ్మా?” అంది. ఆ రాత్రి మాటలన్నీ తూకం చుట్టూనే తిరిగాయి, మిగతా సగం వీడియో వాళ్లు చెప్పినట్టే తీశాను.

1984 హైదరాబాద్ అల్లర్ల మీద దీపా తీసినది కూడా ముఖ్యమే. కానీ 1991లో వచ్చిన ‘సంథింగ్ లైక్ ఎ వార్’ నన్ను కుదిపేసింది. కుటుంబ నియంత్రణ కార్యక్రమం ఆడవాళ్ల శరీరాలతో ఎలా వ్యవహరించిందో అందులో ఉంటుంది. మా అమ్మ తరం వాళ్లు కు.ని. ఆపరేషన్ క్యాంపుల గురించి గుసగుసగా చెప్పుకునేవి చిన్నప్పుడు వినేదాన్ని, అవే సంగతులు ఆ సినిమాలో ఆడవాళ్లు గట్టిగా, నవ్వుతూ, కోపంగా మాట్లాడుతుంటే చాలాసేపు ఏడ్చాను. ఆవిడ అక్కడితో ఆగలేదు, 2016లో హైదరాబాద్ యూనివర్సిటీ విద్యార్థి రోహిత్ వేముల మరణం తర్వాత జరిగిన విద్యార్థి ఉద్యమం మీద కూడా 2018లో ఒకటి తీశారు.

యుగాంతర్ సినిమాలను బెర్లిన్‌లోని ఆర్సెనల్ అనే సినిమా సంస్థ డిజిటల్‌గా బాగుచేసింది. మీరు మొదట నిప్పాణిది చూడండి. విజయనగరంలో జూట్ మిల్లుల్లో పనిచేసిన కుటుంబాలు మీ చుట్టుపక్కలే ఉంటాయి, అది చూశాక వాళ్లను ఏం అడగాలో మీకే తడుతుంది.