రెజాంగ్ లా కథ రాసిన తమ్ముడికి

చిరంజీవికి,

నీ కథ రెండుసార్లు చదివాను. 1962 నవంబర్ 18 తెల్లవారుజామున లద్దాఖ్‌లోని రెజాంగ్ లా కనుమలో చైనా సైన్యంతో జరిగిన పోరును కథగా రాయాలని నీకు అనిపించినందుకే ఎంతో సంతోషం. అందుకే ఉన్నమాట చెబుతున్నాను. నీ కథలో నినాదాలున్నాయి, కొండ లేదు.

ముందు కొండను చూపించు. చుషుల్ గ్రామానికి కాపలాగా నిలిచిన ఆ కనుమ 16,000 అడుగులకు పైన ఉంది. అక్కడ నిలబడింది కుమావోన్ రెజిమెంట్ 13వ బెటాలియన్‌లోని చార్లీ కంపెనీ. సుమారు 120 మంది. దాదాపు అందరూ ఇప్పటి హర్యానా ప్రాంతపు అహీర్ కులస్థులు, మైదానాల్లో పుట్టి పెరిగినవాళ్లు. వాళ్లకూ మన ఫిరంగులకూ మధ్య ఎత్తయిన కొండ అడ్డం. గుండు దాన్ని దాటివచ్చి వాళ్లను ఆదుకునే వీలు లేదు. ఈ ఒక్క సంగతి పాఠకుడి కంటికి కట్టించు. ‘ఒంటరి వీరులు’ అని నాలుగుసార్లు రాయనక్కర్లేదు.

తర్వాత చేతులు. నీ జవాను 303 రైఫిల్‌తో గుళ్ల వర్షం కురిపించాడు. ఆ తుపాకీతో అది కుదరదు. ఒక్కో గుండు పేల్చాక బోల్టు పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, మళ్లీ కిందికి తిప్పాలి. వేళ్లు కొంకర్లు పోయే చలిలో, చీకట్లో, ఎదుటి బారులు తగ్గకుండా ఎక్కివస్తుంటే. ఆ నాలుగు కదలికలూ రాయి. వాటిలోనే భయమూ ఉంది, తెగువా ఉంది.

ఆ కంపెనీని నడిపించిన మేజర్ షైతాన్ సింగ్ చేత నువ్వు పేజీన్నర ఉపన్యాసం చెప్పించావు. అది తీసెయ్. తీవ్రంగా గాయపడి, మోసుకెళ్తున్న జవాన్లను తనను వదిలి వెళ్లమన్న మనిషి ఆయన. వాళ్లు ఆయన్ను ఒక బండరాయి చాటున ఉంచారు. ఆ బండరాయిని చూపిస్తే చాలు. ఆయనకు దక్కిన పరమవీర చక్ర గురించి కథలో చెప్పకపోయినా లోటేమీ లేదు.

1963 ఫిబ్రవరిలో మంచులో దేహాలు దొరికినప్పుడు చాలామంది చేతుల్లో ఆయుధాలు అలాగే ఉన్నాయి. వైద్య సహాయకుడి చేతిలో సిరంజి, కట్టు గుడ్డ. నేను ఈ సంగతి తెలుసుకున్న రోజున ఇక ఏ పనీ చేయలేకపోయాను. నువ్వేమో అతన్ని ‘మరికొందరు’లో కలిపేశావు. నాకు బాధ కలిగింది.

ఇంకొక్కటి. ఆ పోరులో 114 మంది నేలకొరిగారు. బతికి వచ్చిన కొద్దిమంది జరిగింది చెబితే మొదట నమ్మనివాళ్లున్నారు. నీ కథలో వాళ్లకు ఒక్క వాక్యం కూడా లేదు. ఈసారి అక్కడ మొదలుపెట్టి చూడు: మంచు కాటుకు వాచిన చేతులతో ఒక జవాను చెబుతున్నాడు, ఎదుట కూర్చున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య