అన్నకు రాత్రిళ్ళు పిల్లోళ్ళు కనపడ్తాండారంటే

అక్కా, మీ అన్న రాత్రయితే మూలన పిల్లోళ్ళు ఉండారని అరుస్తాండాడు, భ్రమలు తగ్గేదానికి హాలోపెరిడాల్ అనే మందు సూది వేయిద్దామా అని అడిగినారు కదా, ఆ సూది మాత్రం వద్దు. మీ అన్నకుండే లెవీ బాడీ జబ్బు (మతిమరుపు జబ్బుల్లో ఒక రకం) ఉన్నోళ్ళకు చానామందికి అది పడదు, ఒళ్ళు కొయ్యలాగ బిగుసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు, అందుకే ఏ ఆసుపత్రికి పోయినా ముందు జబ్బు పేరు చెప్పండి, చీటీ రాసి ఆయన జేబులో కూడా పెట్టండి. పిల్లోళ్ళు లేరని వాదించొద్దు, "ఉండనీలే అన్నా, అన్నం తిందువు రా" అని మాట మార్చండి, లైటు వేసి పెట్టండి, కొక్కేనికి వేలాడే చొక్కాలు తీసేయండి, చీకట్లో అవే మనుషుల్లా కనపడ్తాయి. ఉన్నట్టుండి ఎక్కువైతే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూపించండి. రివాస్టిగ్మిన్ అనే మతిమరుపు మందు గురించి న్యూరాలజీ డాక్టర్ని అడగండి, దాంతో కొందరికి ఇట్లా లేనివి కనపడేది తగ్గుతుంది, అనంతపురం నుంచి బెంగళూరు నిమ్హాన్స్ (మెదడు, మనసు జబ్బుల పెద్దాసుపత్రి) పెద్ద దూరమేం కాదు. ఇంకోటి, మంచం మీంచి గబుక్కున లేపొద్దు, బీపీ పడిపోయి తూలిపోతాడు.